కంపెనీల చిట్టాలో శీతోష్ణస్థితి పద్దు

జమాఖర్చుల చిట్టా వ్రాయుట మన వర్తకులకు క్రొత్తగా నేర్పవలసిన విద్య కాదు. వచ్చిన రూపాయి ఒక వైపు, పోయిన రూపాయి మరియొక వైపు వ్రాసి, సంవత్సరాంతమున నిలువ తేల్చుట తరతరములుగా వచ్చుచున్న అలవాటు. అయితే గోదాములోనికి వరదనీరు రాగలదా, వచ్చినచో ఎంత సరుకు తడియును, ఎండదెబ్బకు కూలీలు పనిచేయలేని దినములు ఏటికి ఎన్ని, ఫ్యాక్టరీ గొట్టము నుండి ఆకాశములోనికి పోవుచున్న వాయువు ఎన్ని టన్నులు అను ప్రశ్నలకు ఆ చిట్టాలో పేజీ లేదు. ఆ పేజీని కంపెనీల చేత వ్రాయించుటకు ఇటీవలి పది పదిహేను సంవత్సరములుగా ప్రపంచమంతట ప్రయత్నము జరుగుచున్నది. మన దేశములో అది పెద్ద కంపెనీలకు విధిగానే మారినది. ఆ పేజీలో ఏమి వ్రాయుదురు, ఎట్లు వ్రాయుదురు, వ్రాసినది నిజమని ఎవరు చెప్పవలెను అనునవి ఈ ప్రసంగమున మేము వివరింపదలచిన సంగతులు.

“మాకు వాటాలు లేవు, కంపెనీలు లేవు, ఈ గొడవ మాకేల?” అని కొందరు శ్రోతలు అనుకొనవచ్చును. కాని జీవిత బీమా కిస్తీ కట్టుచున్నవారి సొమ్ములో కొంత ఆ కంపెనీల వాటాలలోనే ఉన్నది. ఉద్యోగుల ప్రావిడెంటు ఫండులో ఒక భాగమును 2015 నుండి వాటాల బజారులో పెట్టుచున్నారు. బ్యాంకులో దాచుకొన్న డబ్బు ఏదో ఒక కర్మాగారమునకు అప్పుగా వెళ్లుచున్నది. అందుచేత ఒక కర్మాగారము వరదలో మునిగినను, దాని సరుకును విదేశములవారు కొననన్నను, ఆ నష్టములో ఒక చిన్న తునక మన ఇంటికి కూడ చేరును. ఆ కర్మాగారములో పనిచేయువారి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ విషయమును గూర్చి తెలిసికొనుటకు హైదరాబాదులో చాల దూరము పోనవసరము లేదు. తార్నాక చౌరస్తా వద్ద నిలిచినచో చాలును. ఒక ప్రక్క ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము. ఆ చుట్టుపట్లనే జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, ఉప్పలు దారిలో భూభౌతిక పరిశోధన సంస్థ. కొంచెము ముందుకు పోయినచో నాచారము, మల్లాపురము పారిశ్రామిక వాడలు. పాఠము చెప్పువారు, పరిశోధన చేయువారు, సరుకు తయారు చేయువారు ఇట్లు రెండు మూడు మైళ్లలో ఒకచోట చేరియుండుట అరుదు. విశ్వవిద్యాలయ ప్రాంగణములోనే 1964లో స్థాపితమైన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్ అను సంస్థ కలదు. ప్రభుత్వరంగ పరిశ్రమలు దేశమున వరుసగా వెలయుచున్న కాలమది. వానిని నడపువారికి నిర్వహణ విద్యలో శిక్షణ ఇచ్చుటకు ఏర్పడిన ఆ సంస్థ, కాలము మారిన కొలది సామాజిక బాధ్యత, సుస్థిరత వంటి అంశములను కూడ తన శిక్షణలో చేర్చుకొన్నది. ఉక్కు కర్మాగారము నుండి, బొగ్గుగనుల నుండి వచ్చిన అధికారి ఇప్పుడు లాభనష్టముల పట్టికతో పాటు నీటి మీటరు లెక్కను, పొగ లెక్కను కూడ చదువుట నేర్వవలసి వచ్చినది.

ఇచ్చట ఒక భ్రమను తొలగించుట మంచిది. సామాజిక బాధ్యత అనగానే పాఠశాలకు బల్లలు ఇచ్చుట, చెట్లు నాటుట, ఆ ఫొటోలు వార్షిక నివేదికలో రంగులతో అచ్చు వేయుట అని చాలమంది భావన. 2013 నాటి కంపెనీల చట్టము 135వ సెక్షను ప్రకారము, నిర్ణీత పరిమాణమునకు మించిన కంపెనీలు తమ సగటు నికరలాభములో నూటికి రెండు వంతులు ఇట్టి పనులకు ఖర్చు చేయవలెను. మంచిదే. కాని అది వచ్చిన లాభమును ఎట్లు ఖర్చు చేసితిరి అను ప్రశ్న. సుస్థిరత నివేదిక అడుగునది అది కాదు. ఆ లాభమును ఎట్లు సంపాదించితిరి, దానికై ఎంత నీరు తోడితిరి, ఎంత బొగ్గు కాల్చితిరి, ఎందరు కార్మికులు గాయపడిరి, రేపటి వర్షమునకు, రేపటి ఎండకు మీ సంపాదన నిలుచునా అని అది అడుగును. పదివేల మొక్కలు నాటితిమని చెప్పుట ఈ ప్రశ్నకు జవాబు కాజాలదు. అయినను నివేదికలు తిరుగవేసినపుడు లెక్క అడిగినచోట మొక్కల బొమ్మ కనబడుట అపురూపమేమియు కాదు.

మన దేశములో ఈ నివేదికల కథ 2011లో మొదలైనది. ఆ సంవత్సరము కేంద్ర ప్రభుత్వము వ్యాపార బాధ్యతలపై స్వచ్ఛంద మార్గదర్శకములను ప్రకటించినది. మరుసటి ఏడు, అనగా 2012లో, వాటాల బజారును నియంత్రించు సెబీ సంస్థ మొదటి నూరు కంపెనీలు బాధ్యతా నివేదికను ఇచ్చి తీరవలెనని నిర్ణయించినది. తరువాత ఆ నూరు ఐదు వందలు, ఆపైన వేయి అయినది. 2021 మే నెలలో సెబీ పాత పత్రమును మార్చి, “వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక” అను క్రొత్త పత్రమును తెచ్చినది. ఆంగ్లాక్షరములలో దీనిని బి.ఆర్.ఎస్.ఆర్. అందురు. 2022-23 ఆర్థిక సంవత్సరము నుండి విలువలో మొదటి వేయి స్థానములలో నున్న లిస్టెడ్ కంపెనీలకు ఇది తప్పనిసరి. అందు తొమ్మిది సూత్రములు కలవు. నీతి, సరుకు, కార్మికులు, మానవహక్కులు మొదలైనవాని నడుమ ఆరవది పర్యావరణము. వాయువుల లెక్క, నీటి లెక్క, చెత్త లెక్క అన్నియు ఆ ఆరవ సూత్రము క్రింద వచ్చును.

దీనికి సమాంతరముగా బయటి ప్రపంచములో జరిగినది కూడ కొంత తెలియవలెను. 2015 సెప్టెంబరులో లండన్ నగరమున బీమా వ్యాపారుల ఎదుట మాట్లాడుచు, ఆనాటి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ గవర్నరు మార్క్ కార్నీ శీతోష్ణస్థితి మార్పు ఆర్థికవ్యవస్థకు తెచ్చు ముప్పులను మూడు విధములుగా విభజించి చెప్పెను. వరద, తుపాను, ఎండ వంటివి నేరుగా తెచ్చు నష్టము ఒకటి. బొగ్గు, చమురుల నుండి లోకము మరలిపోవునపుడు పాత పద్ధతిలో మిగిలిపోయినవారికి కలుగు నష్టము రెండవది. నష్టపడినవారు కోర్టుకెక్కి పరిహారము కోరుట మూడవది. ఆ సంవత్సరము చివరనే ఏర్పడిన అంతర్జాతీయ నిపుణుల బృందమొకటి 2017లో కంపెనీలు ఏమేమి వెల్లడింపవలెనో సూచించినది. దాని సారము నాలుగు ప్రశ్నలు: ఈ ముప్పును బోర్డులో ఎవరు చూచుచున్నారు? మీ వ్యాపారమునకు దానివలన ఏమగును? దానిని ఎట్లు గుర్తించి అదుపు చేయుచున్నారు? ఏ కొలతలతో కొలచుచున్నారు? 2023 జూన్‌లో అంతర్జాతీయ సుస్థిరతా ప్రమాణముల బోర్డు ప్రకటించిన రెండు ప్రమాణములకు ఈ నాలుగు ప్రశ్నలే పునాది. మన రిజర్వు బ్యాంకు కూడ 2024 ఫిబ్రవరిలో, బ్యాంకులు తమ అప్పులలో దాగియున్న ఈ ముప్పును వెల్లడింపవలెనని ఒక ముసాయిదాను ప్రకటించినది.

చట్టముల ముచ్చట ఇంతటితో చాలును. ముప్పు అనునది కాగితము మీది మాట కాదని హైదరాబాదువారికి వేరొకరు చెప్పనక్కరలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినపుడు వేలాదిమంది ప్రాణములు కోల్పోయిరి. తరువాత ఈ నగరమునకు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మొదట చేసిన పని ఆనకట్ట కట్టుట కాదు, లెక్క తీయుట. నదికి ఎగువన ఎన్ని చెరువులున్నవి, ఎన్ని తెగినవి, ఎన్ని అంగుళముల వాన కురిసినది, నీరు ఏ దారిన ఎంత వేగముతో వచ్చినది అని విచారించిరి. సుమారు ఎనిమిది వందల చెరువులలో రెండు వందలకు పైగా తెగి, ఒకదాని నీరు మరియొకదానిపై బడి వరద పెరిగినదని తేలినది. ఆ లెక్కపై వెలసినవే 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరు, 1927లో పూర్తియైన హిమాయత్‌సాగరు. నేడు కంపెనీలను అడుగుచున్నది కూడ ఇట్టి విచారణయే. తన గట్టు ఒక్కటే గట్టిగా ఉన్నచో చాలదు, పైచెరువు తెగునా అని కూడ చూచుకొనవలెను.

2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి కురిసిన వానను తార్నాకవారు, ఉప్పలువారు మరువలేరు. ఘట్‌కేసరు వైపు ఒక్క దినములో 30 సెంటీమీటర్లకు మించి కురిసినది. హబ్సిగూడ, రామంతాపూర్ వీధులలో కొన్ని ఇండ్లలో నీరు రోజుల తరబడి నిలిచినది. ఇట్టి రాత్రి ఒక ఫ్యాక్టరీకి ఏమి జరుగునో చూడుడు. గోడలకు చెమ్మ కూడ పట్టకపోవచ్చును. కాని జనరేటరును, కరెంటు ప్యానెలును సెల్లారులో పెట్టినచో మొదట మునుగునది అదియే. యంత్రములు మేడమీద పొడిగానే ఉండి నిలిచిపోవును. జనరేటరు కూడ పై అంతస్తులో నున్నది అనుకొందము. పనివారి బస్తీ మునిగినది, బస్సు రాలేదు, ముడిసరుకు తెచ్చు లారీ వంతెనవద్ద ఆగినది. నష్టము లెక్కలో ఇవన్నియు చేరవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమును తాకినపుడు, అంతటి ఉక్కు కర్మాగారము విద్యుత్తు లేక ఉత్పత్తి ఆపవలసి వచ్చినది. కొలిమి చల్లారినచో మరల వెలిగించుట పొయ్యి అంటించినంత సులభము కాదు.

ఎండ సంగతి ఇంకను చిత్రము. వరద వచ్చినచో అందరికి కనబడును. ఎండ కనబడకనే పని తినివేయును. 2015 మే నెలలో వడగాలులకు దేశమున రెండు వేలమందికి పైగా మరణించిరి. అందు హెచ్చుభాగము ఆంధ్ర, తెలంగాణ జిల్లాలవారే. రేకుల కప్పు క్రింద పనిచేయు కార్మికుడు కళ్లు తిరిగి కూర్చుండిపోయినచో, మజ్జిగ ఇచ్చి ఇంటికి పంపుదురు. గాయము కాలేదు కనుక ప్రమాదముల పుస్తకమున అది ఎక్కకపోవచ్చును. నివేదికలో “పని నష్టపడిన ప్రమాదముల రేటు” అను అంకె చక్కగా తక్కువగా కనబడును. ఆ అంకెను చూచి తృప్తిపడు బోర్డు, మే నెలలో మధ్యాహ్నపు షిఫ్టు ఉత్పత్తి ఎందుకు తగ్గినదో కూడ అడిగినచో అసలు సంగతి బయటపడునని మా అభిప్రాయము. విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ కాలేజీ భవనమును 1939లో ప్రారంభించిరి. ఆ మందపాటి రాతిగోడల నీడలో మండువేసవిలో సైతము కొంత హాయిగా ఉండును. అద్దములతో కప్పిన నేటి ఆఫీసు భవనములకు ఆ హాయి కరెంటు బిల్లు రూపమున మాత్రమే లభించును.

రెండవ విధమైన ముప్పు, అనగా లోకము మారుటవలన వచ్చునది, మన ప్రాంతమునకు చాల దగ్గరిది. సింగరేణి బొగ్గు, రామగుండము విద్యుత్తు ఎన్ని కుటుంబములకు అన్నము పెట్టుచున్నవో తెలియనిది కాదు. 2022లో రామగుండము జలాశయముపైననే వంద మెగావాట్ల తేలియాడు సౌరవిద్యుత్ కేంద్రమును నెలకొల్పిరి. మార్పు ఏ దిక్కున పోవుచున్నదో దీనివలన తెలియును. ఐరోపా సమాఖ్యవారు ఇనుము, ఉక్కు, సిమెంటు, అల్యూమినియము, ఎరువులు మొదలగు సరుకులపై, వాని తయారీలో వెలువడిన వాయువును బట్టి సరిహద్దు వద్ద రుసుము వేయు పద్ధతిని తెచ్చిరి. 2023 అక్టోబరు నుండి లెక్కలు మాత్రము అడిగిరి. 2026 జనవరి నుండి రుసుము బాధ్యత కూడ ఆరంభమైనది. లెక్క లేనివాడు అచ్చట వాదింపలేడు. వారు వేసిన అంకెకే తల ఊపవలెను.

ఇక లెక్క వ్రాయు విధానము. వాయువులను మూడు పద్దులుగా వ్రాయుట ప్రపంచమంతటను ఒప్పుకొన్న పద్ధతి. కంపెనీ తన సొంత గొట్టము, సొంత బండి, సొంత జనరేటరులో కాల్చినది మొదటి పద్దు. కొన్న కరెంటు కొరకు వేరొకచోట కాలిన బొగ్గు రెండవ పద్దు. ముడిసరుకు తయారీ, రవాణా, ఉద్యోగుల రాకపోకలు, అమ్మిన వస్తువును వాడునపుడు వెలువడునది, ఇవన్నియు మూడవ పద్దు. తార్నాక చౌరస్తాలో ఆగిన ఆర్టీసీ డీజిలు బస్సును తీసికొనుడు. ఆ పొగ ఆర్టీసీకి మొదటి పద్దు. ఆ బస్సులో నాచారము పోవు కార్మికుని వంతు పొగ అతని యజమానికి మూడవ పద్దు. ఒకే పొగను ఇద్దరు వ్రాయుట దొంగలెక్క కాదా అని ఎవరైనను అడుగవచ్చును. కాదు. దేశపు మొత్తమును తేల్చునపుడు మొదటి పద్దులనే కూడుదురు. మూడవ పద్దు ఎవరి చేతిలో ఏ తాళపుచెవి ఉన్నదో చెప్పుటకు. బస్సును మార్చుట ఆర్టీసీ చేతిలో ఉన్నది. షిఫ్టు వేళలు మార్చుట, కంపెనీ బస్సు నడుపుట యజమాని చేతిలో ఉన్నది. సెబీ పత్రములో మొదటి రెండు పద్దులు అందరును నింపవలసినవి. మూడవది ఇష్టమున్నవారు నింపునది.

పొగను తూచుటకు త్రాసు అవసరము లేదు. కాల్చినదాని కొలత తెలిసినచో గుణించుటయే. ఒక లీటరు డీజిలు కాలినచో సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు పుట్టును. మన దేశపు విద్యుత్ వలయములో ఒక యూనిట్ కరెంటునకు ఇటీవలి ప్రభుత్వ లెక్కల ప్రకారము సుమారు 0.72 కిలో. వంటింటిలో 14.2 కిలోల సిలిండరు ఒకటి అయిపోవుసరికి సుమారు 42 కిలోలు. లీటరు డీజిలు కిలో కంటె తేలిక గదా, అంత బరువైన వాయువు ఎట్లు పుట్టునని కొందరికి సందేహము కలుగును. డీజిలులోని కర్బనము గాలిలోని ఆమ్లజనితో కలియును. పెరిగిన బరువు ఆ ఆమ్లజనిది. ఈ ప్రసంగమును చదువుచున్నవారు తమ ఇంటి కరెంటు బిల్లును తీసి గుణించి చూచుకొనవచ్చును. నెలకు 200 యూనిట్లయినచో సుమారు 144 కిలోలు.

నాచారములో మందుసీసాల మూతలు తయారు చేయు చిన్న ఫ్యాక్టరీ ఒకటి ఉన్నదని ఊహింతము. నెలకు 20,000 యూనిట్ల కరెంటు, జనరేటరునకు 300 లీటర్ల డీజిలు, వ్యానునకు 200 లీటర్లు అనుకొనుడు. కరెంటు పద్దు 14 టన్నులు దాటును. జనరేటరు, వ్యాను రెండును కలిపి టన్నున్నర లోపే. ప్రక్కింటివారు జనరేటరు పొగను చూచి ఫిర్యాదు చేయుదురు, యజమాని కూడ దానినే తలచుకొని దిగులు పడును. కాని ఎక్కువ వాయువు ఆ ప్రాంగణములో కనబడనే కనబడదు. అది ఎక్కడో బొగ్గు విద్యుత్ కేంద్రము గొట్టము నుండి వెళ్లినది. పాత మోటార్లు మార్చుట, కంప్రెసరు గొట్టములలో గాలి కారుట ఆపుట, కప్పుమీద సౌరఫలకలు వేయుట లాభకరమైన పనులని అప్పుడు తెలియును. లెక్క వ్రాయుటవలన ప్రయోజనము ఇదియే. దానివలన కరెంటు ఖర్చు కూడ తగ్గును గనుక యజమానికి బోధ చేయనక్కరలేదు.

మొదటి పద్దులో చాలమంది మరచు అంశమొకటి కలదు. అది ఏసీలలోను, శీతల గిడ్డంగులలోను ఉండు వాయువు. ఇందులో తార్నాక పాత్ర కూడ ఉన్నది. 1944లో పరిశోధనాలయముగా పుట్టి, 1956లో సి.ఎస్.ఐ.ఆర్. చేతికి వచ్చి, 1989లో ఇప్పటి పేరు పొందిన రసాయన సాంకేతిక సంస్థ, ఓజోను పొరను చెరచు పాత శీతలక వాయువులకు బదులుగా 134ఏ అను వాయువు తయారీ విధానముపై పనిచేసినది. అది ఓజోనునకు హాని చేయదు. ఆ కాలపు అవసరమును తీర్చినది. కాని భూమిని వేడెక్కించుటలో అది బొగ్గుపులుసు వాయువు కంటె 1,300 రెట్లు మించిన శక్తి గలది. ఒక అరకిలో కారిపోయినచో దాదాపు 900 యూనిట్ల కరెంటు వాడినదానితో సమానము. అందుచేతనే 2016 నాటి కిగాలి ఒప్పందము ద్వారా లోకము దీనిని కూడ తగ్గించుకొనుటకు నిశ్చయించినది. ఏసీ మెకానిక్ వచ్చి గ్యాసు నింపిపోయినపుడు బిల్లుపై “గ్యాస్ చార్జింగ్” అని మాత్రమే వ్రాయును. ఎన్ని గ్రాములు, ఏ వాయువు అని వ్రాయించుకొన్న కంపెనీకే లెక్క కుదురును.

అదే సంస్థవారి మరియొక కృషిని ఇచ్చట చెప్పకుండ ఉండలేము. కూరగాయల చెత్తను గాలిలేని తొట్లలో కుళ్లబెట్టి వంటవాయువు, కరెంటు తీయు విధానమును వారు రూపొందించిరి. బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో దానిని నెలకొల్పిరి. దినమునకు పది టన్నుల చెత్త నుండి సుమారు 500 యూనిట్ల కరెంటు వచ్చునట్లు అది ఏర్పడినది. 2021 జనవరిలో ప్రధానమంత్రి రేడియో ప్రసంగమున దీనిని ప్రస్తావించుట చాలమంది శ్రోతలు వినియే ఉందురు. చెత్త పద్దు, కరెంటు పద్దు ఒకేసారి తగ్గు ఇట్టి పని, నివేదికలో పది పుటల వర్ణన కంటె విలువైనది.

అంకెలు వ్రాయుట ఒక ఎత్తు, వానిని చదువుట మరియొక ఎత్తు. నివేదికలలో “ఒక రూపాయి అమ్మకమునకు ఇంత వాయువు” అను అంకె తప్పక ఉండును. మన మూతల ఫ్యాక్టరీ సంవత్సరమునకు 189 టన్నులు విడిచి, 10 కోట్ల అమ్మకము చేసినదనుకొందము, కోటికి 18.9 టన్నులు. మరుసటి ఏడు మూతల సంఖ్య మారలేదు, వాయువు మారలేదు, ధర మాత్రము నూటికి పది పెరిగినది. అంకె 17.2నకు దిగును. “మా వాయు తీవ్రత నూటికి తొమ్మిది వంతులు తగ్గినది” అని రంగు కాగితముపై వ్రాసికొనవచ్చును; అబద్ధము కాదు, నిజము అంతకంటె కాదు. అందుకే ఒక టన్ను సరుకునకు ఎంత అను అంకెను, మొత్తమును కూడ ప్రక్కప్రక్కన చూడవలెను.

వ్రాసినది నిజమేనా అను ప్రశ్న హైదరాబాదులో అడిగినచో ఎవరును ఆశ్చర్యపడరు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ కంపెనీ అధ్యక్షుడే, తమ ఖాతాలలో వేలకోట్ల రూపాయలు లేనివి ఉన్నట్లు చూపితిమని లేఖ వ్రాసెను. ఆ ఖాతాలు ఆడిటర్ల సంతకములు పొందినవే. రూపాయలకే ఆ గతి పట్టినపుడు, కంటికి కనబడని వాయువుల మాట ఏమి? 2023 జూలైలో సెబీ “కోర్” అను పేర తొమ్మిది ముఖ్యాంశములను వేరుచేసి, వానిని బయటివారు పరీక్షించి ధ్రువీకరింపవలెనని విధించినది. మొదట 150 కంపెనీలు, తరువాత 250, 500, చివరకు 2026-27 నాటికి వేయి అని క్రమము ఏర్పరచినది. వాయువు, నీరు, శక్తి, చెత్తలతో పాటు కార్మికుల క్షేమము, స్త్రీలకు చెల్లించిన వేతనముల వంతు, సరఫరాదారులకు డబ్బు చెల్లించుటకు పట్టిన దినములు కూడ ఈ తొమ్మిదిలో చేరినవి. చివరిది చిన్న విషయమువలె తోచును గాని, నాచారములో వర్క్‌షాపు నడుపువారిని అడిగినచో దాని విలువ తెలియును.

ఆ చిన్నవారి మాటయే మాకు ఎక్కువగా పట్టినది. వారు లిస్టెడ్ కంపెనీలు కారు. చట్టము వారిని నేరుగా అడుగదు. కాని పెద్ద కంపెనీ తన సరఫరా గొలుసును గూర్చి చెప్పవలసి వచ్చినపుడు ఆ ప్రశ్న వీరిమీదికే దిగును. సెబీ ఇందు కొంత మెలకువ చూపినది. కొనుగోళ్లలోగాని అమ్మకములలోగాని నూటికి రెండు వంతులకు తక్కువైన భాగస్వాములను లెక్కలో చేర్చనక్కరలేదని, పెద్ద కంపెనీలు సైతము 2025-26లో దీనిని ఇష్టమైననే చెప్పవచ్చునని 2024 డిసెంబరులో సడలించినది. అయినను కొనుగోలుదారు నుండి నలభై గడుల పట్టిక ఈ-మెయిలులో వచ్చి, “వారములో నింపి పంపుడు, లేనిచో ఆర్డరు కష్టము” అన్నచో, రూలు చూపి తప్పించుకొనుట చిన్నవానికి సాధ్యమా? అతనికి ప్రత్యేకముగా ఒక గుమాస్తా లేడు. కన్సల్టెంటునకు ఇచ్చు ఫీజు అతని నెల లాభమును మింగవచ్చును. లెక్క అడిగిన పెద్ద కంపెనీయే లెక్క నేర్పు ఖర్చును భరించుట న్యాయము. ఇరవైమంది కొనుగోలుదారులు ఇరవై రకముల పట్టికలు పంపుట మాని ఒకే పట్టికను ఒప్పుకొన్నచో సగము భారము తీరును. ఇట్టి చిన్న పరిశ్రమల కొరకు తెలుగులోనే, సాయంకాలపు వేళలలో, విశ్వవిద్యాలయ ప్రాంగణములో తరగతులు నడుపుట అసాధ్యమని మేము అనుకొనము. వాణిజ్య విద్యార్థులకు సైతము అది మంచి సాధన.

పెద్ద కంపెనీలలో కష్టము వేరు విధము. అచ్చట అంకెలు లేకపోవు, ఒకచోట ఉండవు. డీజిలు లెక్క స్టోర్సులో, కరెంటు బిల్లు అకౌంట్సులో, నీటి మీటరు మెయింటెనెన్సులో, గాయముల పుస్తకము సేఫ్టీ ఆఫీసరు వద్ద. మార్చి ముగిసిన తరువాత కంపెనీ సెక్రటరీ ఖాళీ పట్టికతో అందరి చుట్టు తిరుగును. అప్పటికి ట్యాంకరు నీటి రసీదులు చెదలు తినియుండును. ఇట్టిచోట వచ్చు అంకె అంచనాయే గాని లెక్క కాదు, ధ్రువీకరించువాడు “ఆధారమేది?” అని అడిగినచో జవాబు ఉండదు. ఏ యే యూనిట్లు లెక్కలో చేరునో హద్దు గీయుట, ప్రతి అంకెకు ఒక మనిషిని బాధ్యునిగా పెట్టుట, నెలనెలా వ్రాయుట, లోపలి ఆడిటరు మూడు నెలలకొకసారి చూచుట, బోర్డులో ఒక సభ్యుడైనను ప్రశ్నలడుగునంతగా దానిని నేర్చుకొనుట, సిద్ధపడుట అనగా ఇంతే. కంప్యూటరు సాఫ్ట్‌వేరు కొనుట ఆ తరువాతి మాట.

ఈ ఏడు మొదలుపెట్టదలచిన చిన్న పరిశ్రమవారికి మేము చెప్పదగిన ఆరంభము సులభమైనది. మార్చి 31 సాయంకాలము కరెంటు మీటరు, బోరుబావి మీటరు అంకెలను, డీజిలు డ్రమ్ములో మిగిలిన కొలతను తేదీతో వ్రాసి సంతకము చేయుడు. ఏప్రిలు 1 నుండి కరెంటు బిల్లులు ఒక ఫైలు, డీజిలు, పెట్రోలు, గ్యాసు రసీదులు ఒక ఫైలు, నీటి ట్యాంకర్లు ఒక ఫైలు, ఏసీ గ్యాసు గ్రాములతో ఒక కాగితము. వాన వలనగాని, ఎండ వలనగాని పని ఆగిన గంటలను హాజరు పుస్తకపు చివరి పేజీలో వ్రాయుడు. అక్టోబరు నాటికి ఆరు నెలల లెక్క చేతిలో ఉండును. పెద్ద కంపెనీవారి పట్టిక వచ్చినపుడు అందులోని గడులు చాలవరకు ఆ ఫైళ్ల నుండియే నిండును.